యంత్రమునకు సంస్కారము

మనుష్యుడు వస్తువును చేసికొన్న నాటి నుండియే దానిని మార్చుకొనుటకును పూనుకొన్నాడు. కొత్త గొడ్డలి కొన్న రైతు దాని కామను తన పిడికిలికి సరిపోవునట్లు చెక్కుకొనును. కొత్త కుండ తెచ్చిన ఇల్లాలు దానిని ఆ పూటనే పొయ్యి మీదికి ఎక్కింపదు. నీరు నింపి నానబెట్టి, గంజి కాచి, దానిని తన వంటకు అలవాటు చేయును. వీణ కొన్న గాయకుడు మైనములో నిలిచిన మెట్లను తన చెవి చెప్పిన చోటికి జరిపించుకొనును. ఈ పనులను ఎవరును తప్పు పట్టలేదు. సరికదా, వీటిని నేర్పు అన్నారు. అయితే కర్మాగారములో లక్షలలో ఒకటిగా తయారై వచ్చిన మోటారు స్కూటరును ఒకడు తన ఇంటి వసారాలో విప్పి, దాని భాగములను మార్చి, రంగు వేసి, తనదిగా చేసికొనుటకు పూనుకొన్నపుడు, అది నేర్పా, వ్యామోహమా, లేక వృథా వ్యయమా అను ప్రశ్న పుట్టుచున్నది. ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దాని వెనుక, మనుష్యునికిని అతడు వాడుకొను వస్తువునకును నడుమ ఉండదగిన సంబంధము ఎట్టిదను పెద్ద ప్రశ్న దాగియున్నది.

ఈ ప్రశ్నను విచారించుటకు జంషెడ్‌పూరు కంటె తగిన పట్టణము అరుదు. సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలియు చోట, సాక్చీ అను పల్లె ఉన్న నేలపై ఈ నగరము వెలసినది. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడినది. 1912లో ఇచ్చట మొదటి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఈ ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టినాడు. కాలీమాటీ అను రైలు స్టేషను టాటానగర్ ఐనది. అప్పటికి జంషెడ్‌జీ గతించి పదునైదేండ్లు. ఉక్కునగరము ఎట్లుండవలెనో ఆయన 1902లోనే తన కుమారునికి జాబు వ్రాసినాడు: వెడల్పైన వీధులు, నీడనిచ్చు చెట్లు, తోటలు, ఆటస్థలములు, గుడికిని మసీదుకును చర్చికిని తావులు అందులో ఉన్నవి. పిమ్మట పలువురు నగర నిర్మాతలు ఒకరి తరువాత ఒకరు పటములు గీసినారు. ఈ ఊరు తనంత తాను పెరిగినది కాదు. ముందు కాగితము మీద గీయబడి, పిదప నేలపైకి దిగినది.

అట్టి ఊరిలో కార్మికుని జీవితము కూడ చాలవరకు ఇతరులు గీసిన పటములోనే నడచును. అతని క్వార్టరు సంస్థది. దాని గోడ సున్నము, తలుపు రంగు, పెరటి ప్రహరీ ఎత్తు, ఇవి అతడు నిర్ణయించినవి కావు. నీరు, విద్యుత్తు, వీధి దీపము వేరొకరి ఏర్పాటు. ఉద్యోగ విరమణ చేసిన నాడు తాళపు చెవి తిరిగి ఇచ్చివేయవలెను. ఉత్తరాంధ్రము నుండి తాతల నాడు వలస వచ్చి, కద్మాలోను బిష్టుపూరులోను తెలుగు మాటలు, రామమందిరములు, సంక్రాంతి ముగ్గులు నిలుపుకొన్న కుటుంబములకు ఈ సంగతి బాగుగా తెలియును. మూడు తరములు ఒకే వరుస ఇండ్లలో పెరిగినను ఆ ఇండ్లలో ఒక్క ఇటుకయు వారిది కాదు. ఇట్టి బ్రదుకులో మొదటి మారు, పెద్ద మొత్తము చెల్లించి, తన పేర రిజిస్టరు చేయించుకొని, ఇది నాది అని ఒకడు చేయి వేసి చెప్పగలిగిన వస్తువు పెక్కు సందర్భములలో ఒక స్కూటరే. దానిని అతడు అంతగా తుడుచుటకును, విప్పుటకును, అలంకరించుటకును కారణము వెదకువారు మొదట ఈ సంగతిని తలచుకొనవలెను.

స్కూటరు పుట్టుకయే ఒక మార్పు కథ. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఇటలీలోని పియాజియో సంస్థకు విమానముల పని లేకపోయినది. ఆ సంస్థలో కొరాదీనో దాస్కానియో అను ఇంజనీరు ఉండెను. అతడు హెలికాప్టరులపై పరిశోధన చేసినవాడు. మోటారు సైకిళ్లనిన అతనికి ఇష్టము లేదు. నూనె చిందునని, చక్రము విప్పుట కష్టమని, కాలు ఎత్తి ఎక్కవలసి వచ్చునని అతని ఫిర్యాదు. కనుక ఇంజనును రేకు కప్పులో మూసి, ముందు భాగమును కాలు పెట్టుకొనుటకు ఖాళీ ఉంచి, ముందు చక్రమును విమానపు చక్రము వలె ఒక ప్రక్క కాడకే తగిలించి, 1946లో వెస్పాను రూపొందించినాడు. విమాన విద్య బజారు వీథికి తగినట్లు మారి స్కూటరైనది. 1960 ప్రాంతమున అది బజాజు సంస్థ ద్వారా భారతదేశములో తయారగుట మొదలిడెను. ఇటలీ ఒప్పందము ముగిసిన పిమ్మట 1972లో అదే మూస నుండి చేతక్ వచ్చినది. 1576లో హల్దీఘాటీ యుద్ధమున రాణా ప్రతాపుని మోసిన గుఱ్ఱము పేరు అది. ఉత్పత్తికి ప్రభుత్వము హద్దులు విధించిన ఆ దినములలో సొమ్ము కట్టినవారు ఏండ్ల తరబడి ఎదురు చూచిరి. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ తన స్కూటరుకు పుష్పకమని పేరు పెట్టినది. ఒకరు గుఱ్ఱమనిరి, ఒకరు విమానమనిరి. ప్రజలు ఈ యంత్రమును ఉత్త యంత్రముగా చూడలేదనుటకు ఈ పేర్లే సాక్ష్యము.

ఇక ప్రశ్నకు వత్తము. ఇంటివద్ద స్కూటరును మెఱుగుపరచుకొనువానిపై రెండు ఆక్షేపణలు కలవు. అవి రెండును తేలికగా తీసివేయదగినవి కావు.

మొదటిది ఆడంబరమను ఆక్షేపణ. అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథములో, మనుష్యులు వస్తువులను ఉపయోగము కొరకు కాక ఇరుగుపొరుగు చూచుట కొరకే కొందురని వాదించెను. మెఱయు కమ్ములు, రంగురంగుల సీటు కవర్లు, కీచుమను హారనులు, ఇవన్నియు ఆ పద్దులోనివే అని చెప్పవచ్చును. రెండవది మమకారమను ఆక్షేపణ. ఇది మన పెద్దలది. 'నాది' అను భావమును మృత్యువుతో పోల్చిన మాట మహాభారతములో కలదు. యజ్ఞములో ఆహుతి నిచ్చువాడు ప్రతి పర్యాయము ఇది నాది కాదని చెప్పి విడుచును. వస్తువుపై తన గుర్తు వేయుటకు ఆదివారములన్నియు ధారపోయువాడు ఈ పాఠమునకు ఎదురు నడచుచున్నాడు కదా అని ఒక సాధువు అడిగిన, సమాధానము చెప్పవలసియే యుండును.

సమాధానము వెదకుటకు మన భాషలోనే ఒక మాట సిద్ధముగా ఉన్నది. అది సంస్కారము. ఈ మాటను మనము బిడ్డకు చేయు కర్మకును, చదువుకొన్నవాని నడవడికిని, పులుసులో వేయు తాలింపునకును, రాయిని సానపట్టుటకును వాడుదుము. మీమాంసా సూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామి దీనికి చెప్పిన నిర్వచనము సూటియైనది: ఏది జరిగిన పిమ్మట వస్తువు ఒకానొక ప్రయోజనమునకు యోగ్యమగునో అది సంస్కారము. ఆ భాష్యముపై వార్తికము రచించిన కుమారిల భట్టు యోగ్యత రెండు విధములుగా కలుగునని విడమరచినాడు: ఉన్న దోషము పోవుట చేత, లేని గుణము చేరుట చేత. ధాన్యమును గురించి, యజ్ఞపాత్రలను గురించి ఆలోచించిన ఈ పండితులు స్కూటరును ఎరుగరు. ఐనను వసారాలో పానా పట్టి కూర్చున్నవాని పనిని ఈ రెండు ముక్కలు చక్కగా విభజించుచున్నవి. అతడు చేయు పనిలో ఒక భాగము మరమ్మతు; అది దోషము పోగొట్టుట. ఒక భాగము మెఱుగు. అది గుణము చేర్చుట. మిగిలినది అలంకారము. మూడింటి నీతియు ఒకటి కాదు. వాటిని కలగాపులగము చేయుట వలననే ఆక్షేపణలకు బలము కలుగుచున్నది.

మొదట మరమ్మతు. పాత రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు నూటికి రెండు పాళ్ల చొప్పున ఆయిలు కూడ కాలును. పూర్తిగా కాలని ఆయిలు మసియై ప్లగ్గు మొన పైన, సైలెన్సరు లోపల పేరుకొనును. ఒక ఉదయము బండి కదలదు. యజమాని దానిని ఒక ప్రక్కకు వంచును, పదిమార్లు కిక్కు కొట్టును, తిట్టును. నేర్చినవాడు ప్లగ్గు విప్పి చూచును. మొన తడిసి నల్లగా ఉన్నచో ఆయిలు ఎక్కువైనది. తెల్లబారియున్నచో లోపల వేడి మించినది. ఇటుక రంగులో ఉన్నచో ప్లగ్గు బాగున్నది, తప్పు వేరొక చోట నున్నది. వైద్యుడు నాలుక చూచినట్లు అతడు ప్లగ్గును చూచును. గరుకు కాగితముతో రుద్ది, మొనల నడుమ ఎడమును అర మిల్లీమీటరు పైచిలుకుకు సరిచేసి, మరల బిగించును. ఇందులో డబ్బు ఆదాయగుట స్వల్ప లాభము. అసలు లాభము వేరు. యంత్రము వద్ద ముఖస్తుతి చెల్లదు. మనుష్యుని మాటలతో నమ్మింపవచ్చును. వదులైన బోల్టును నమ్మింప వీలు లేదు. తన ఊహ తప్పని ఒప్పుకొనుటకు ఎవరి యెదుటను సిద్ధపడని పెద్దమనిషి, కార్బురేటరు యెదుట నోరు మూసికొని ఒప్పుకొనును. ఆదివారము పూట ఆ వినయము అలవడినచో సోమవారము నాడు అది పూర్తిగా మాయము కాదు.

అమెరికా రచయిత పిర్సిగ్ 1974లో వెలువరించిన మోటారు సైకిలు గ్రంథములో ఇద్దరు మిత్రులు కలరు. ఒకడు తన బండిని తానే సరిచేసికొనును. రెండవవాడు అంతకంటె ఖరీదైన బండి నడపుచునే దాని లోపలికి చూచుటకు ఇష్టపడడు. యంత్రములు మనుష్యుని ఆత్మను చంపుచున్నవని వాపోవువాడు ఈ రెండవవాడే. పిర్సిగ్ భావము, ఆత్మను చంపునది యంత్రము కాదు, దాని పట్ల మనము చూపు ఉదాసీనత అని. ఈ మాటలో నిజము కలదు. కాని జంషెడ్‌పూరు కార్మికునికి ఈ పాఠము కొత్తది కాదు. ఎనిమిది గంటలు కొలిమి వేడిలో నిలిచి, కొలత ఒక వెంట్రుక తప్పినను పని చెడునని ఎరిగినవాడు ఉదాసీనుడుగా ఉండలేడు. అతనికి కొరతగా నున్నది వేరు. కర్మాగారములో అతడు చేసిన వస్తువు రైలెక్కి పోవును. అది ఎవరి ఇంటి దూలమైనదో, ఏ వంతెనకు కమ్మియైనదో అతడు చూడబోడు. తన చేతి పని ఫలము తన కంటి యెదుట తిరుగుట అతడు చూడగలుగునది తన స్కూటరులోనే. ఆడంబరమును ఎండగట్టిన వెబ్లెన్ పండితుడే 1914లో మరియొక గ్రంథము వ్రాసి, మంచి పని చేయవలెనను ఆరాటము మనుష్యునికి సహజమని చెప్పుట గమనింపదగినది. వసారాలో ఈ రెండు ప్రవృత్తులును ఒకే పానా పట్టుకొని యుండును. ఏది ఏదో వేరుచేయుట యజమాని బాధ్యత.

రెండవది గుణము చేర్చుట. ఇందు ప్రయోజనము ఎవరిదను ప్రశ్న ముందు వచ్చును. వెనుకటి దినములలో స్కూటరు ముందరి ఖాళీలో, హ్యాండిలు పట్టుకొని బిడ్డ నిలిచెడిది. ఆ బిడ్డ కొరకు తండ్రి ఒక చిన్న పీట వంటి సీటు అమర్చును. భార్య చీర చక్రములో చిక్కకుండ వెనుక చక్రము ప్రక్కన జాలి బిగించును. తల్లికి కాలు ఆనుటకు ఒక మెట్టు అతికించును. సంత సంచికి ఒక కొక్కెము తగిలించును. గుడ్డి దీపపు ఆరు వోల్టుల ఏర్పాటును తీసివేసి పండ్రెండు వోల్టులది పెట్టించుట రాత్రి షిఫ్టు నుండి వచ్చువానికి గుంట కనబడుటకు. పాయింట్ల స్థానములో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుట వాన దినమున మామ్‌గో వంతెనపై బండి ఆగకుండుటకు. ఈ చేర్పులు ఒక్కొక్కటియు ఎవరో ఒకరి శరీరమును, వయస్సును, భయమును తలచుకొని చేసినవి. కర్మాగారము ఊహించిన మనుష్యుడు సగటు మనుష్యుడు. అతనికి మోకాళ్ల నొప్పి లేదు, చీర లేదు, మూడేండ్ల బిడ్డ లేదు. సగటు మనుష్యునికై చేసిన వస్తువును ఉన్న మనుష్యునికి యోగ్యముగా చేయుటయే ఇచ్చటి సంస్కారము.

యంత్రములను తీవ్రముగా విమర్శించిన గాంధీ మహాత్ముడు 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనును మినహాయించినాడు. చేతి కుట్టుతో అలసిన భార్య శ్రమను చూడలేక సింగర్ దానిని కల్పించెనని, దాని మూలము ప్రేమ అని ఆయన కారణము చెప్పెను. ఆ మరుసటి ఏడు, 1925లో, ఆయన జంషెడ్‌పూరు వచ్చి కార్మికులతో మాటలాడినాడు. ఆయన చూపిన కొలబద్దను స్కూటరుకు పెట్టవచ్చును. మార్పు ఎవరిపై ప్రేమతో జరిగినది? ఇతరుని శ్రమ తగ్గించుటకు జరిగినచో, దానిలో 'నాది' అను మాట ఉన్నను, ఆ మాటకు మృత్యువు వాసన లేదు. మన పెద్దలు కాదన్న మమకారము వస్తువు చుట్టు గోడ కట్టునది. ఇది వస్తువునకు వాకిలి తెరచునది.

మూడవది అలంకారము. దీనిని పూర్తిగా నిందించుట కఠినులకే చెల్లును. కావ్యమునకు శబ్దార్థములు శరీరమైనచో అలంకారము నగ వంటిదని ఆలంకారికులు చెప్పిరి. నగయే శరీరమని ఎవరును చెప్పలేదు, నగ కూడదనియు చెప్పలేదు. ముందు రేకుపై ఇలవేల్పు పేరు, అద్దమునకు కట్టిన నిమ్మకాయ, వెనుక బిడ్డల పేర్లు, ఇష్టమైన నీలి రంగు, ఇవి ఎవరికిని బరువు కావు. ఒకే వరుసలో ఒకే పోలిక ఇండ్లు ఉన్న వీధిలో, ఒకే షిఫ్టు విడిచి ఒకే ద్వారమున వెలుపలికి వచ్చు వేల మందిలో, తన బండిని దూరము నుండి గుర్తు పట్టవలెనను కోరిక అహంకారము కాదు. అది పేరు ఉండవలెనను కోరిక వంటిది.

అయితే ఇందులో ఒక విచిత్రము కలదు. ఈ వేరుదనమునకు ఆధారము పోలికయే. వెస్పా మూసలోని బండికి ముందు చక్రము వెనుకకు, వెనుక చక్రము ముందునకు సరిపోవును. స్టెప్నీ ఒక్కటి రెండింటికిని చాలును. జుగ్సలాయి దుకాణములో కొన్న బోల్టు పూనాలో చేసిన రంధ్రములో సరిగా దిగును. ప్రతి కొలతయు ముందే నిర్ణయింపబడి, ప్రతి ఉక్కు రేకు ఒకే గుణముతో వచ్చుట చేతనే, ఏ ఇంటివాడైనను దానిని విప్పి మరల బిగింపగలుగుచున్నాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా చేసిన యంత్రమును చేసినవాడు తప్ప వేరొకడు ముట్టలేడు. కనుక వసారాలోని స్వేచ్ఛ కర్మాగారములోని క్రమశిక్షణకు విరోధి కాదు, దాని బిడ్డ. పగలు పోలికను సాధించినవారే సాయంత్రము వేరుదనమును కోరుచున్నారు. ఆ పోలిక లేనిచో ఈ వేరుదనము లేదు. భాషలో వ్యాకరణము అందరిదిగా ఉన్నందుననే ఒక్కొక్కరి మాట ఒక్కొక్కరిది కాగలుగుట ఇట్టిదే.

ఇంతవరకు గుణపక్షము. దోషపక్షమును దాచరాదు. సైలెన్సరు లోపలి భాగమును తీసివేసి, వీధి దద్దరిల్లునట్లు బండి నడపువాడు కూడ దానిని తనదిగా చేసికొన్నాననియే చెప్పును. ఎదుటివాని కండ్లు చీకట్లు క్రమ్మునట్టి దీపము పెట్టినవాడును, వేగము కొరకు ఇంజను మార్చి బ్రేకులను పాతవిగానే ఉంచినవాడును అదే మాట చెప్పును. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించువారు ఉన్న ఊరిలో ఆ చప్పుడు చిన్న అపరాధము కాదు. ఇందు పొరపాటు ఎక్కడ నున్నది? బండి అతనిదే, త్రోవ అతనిది కాదు. చప్పుడు, వెలుగు, పొగ, ఢీకొను బలము, ఇవి బండిలో పుట్టినను బండిలో నిలువవు. యజమాని హక్కు రేకు అంచు వరకే. ఆ అంచు దాటిన ప్రతి మార్పును ఇతరుల వస్తువులో చేసిన మార్పే.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ఈ నీతినే శాసనరూపములో చెప్పుచున్నది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్పరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నిషేధమును గట్టిగా సమర్థించినది. చట్టము ఇంధనము మార్చుటకు, ఇంజను మార్చుటకు దారి పూర్తిగా మూయలేదు. ఆమోదము పొంది, నిర్ణీత పద్ధతిలో చేయుమన్నది. స్వేచ్ఛకు సంకెల యని కొందరు దీనిని విసుగుకొందురు. కాని వంట తన ఇష్టము వచ్చినట్లు చేసికొనుటకును, అన్నదానపు వంటలో తన ఇష్టము వచ్చినది కలుపుటకును భేదము లేదా? త్రోవ పంక్తిభోజనము వంటిది. అందు ఒకని రుచి పది మందికి అపాయము కారాదు.

ఇంకొక దోషము కలదు. అది కంటికి కనబడనిది. భాగము ఎచ్చటి నుండి వచ్చినది? ఏ దేశపు కర్మాగారములోనైనను, పనివాడు యజమాని లేతు యంత్రముపై తన సొంత పని ఒకటి చాటుగా చేసికొనుట ఉన్నదే. ఫ్రెంచి పనివారు దీనికి 'సవరము' అను అర్థమిచ్చు ముద్దుపేరు పెట్టిరి. దానిని వివరించిన దె సెర్తో అను పండితుడు 1980లో, అందు దొంగిలింపబడునది వస్తువు కాదు, కాలము మాత్రమే అని, అది పనివాడు తన నేర్పును తనకొరకు వినియోగించుకొను సంతోషమని సానుభూతితో వ్రాసినాడు. ఆ సానుభూతి అర్హమైనదే. ఐనను తుక్కులోని ఉక్కు ముక్క జేబులో వేసికొన్న క్షణమున హద్దు దాటినట్లే. దొంగ బుష్షుతో నునుపుగా తిరుగు చక్రము యజమానిని ప్రతి మలుపులోను కొంచెము అబద్ధికునిగా చేయును. తన నేర్పును ఋజువు చేసికొనుటకు మొదలిడిన పనిలో తన నిజాయితీని ఖర్చు చేయుట నష్టపు బేరము.

కొనుగోలు కథయు ఇట్టిదే. మన తెలుగు ఇండ్లలో స్కూటరు చాల కాలము కట్నపు జాబితాలో ఒక పద్దు. 1961లోనే కట్నమును చట్టము నిషేధించినను ఆ పద్దు చెరిగిపోలేదు. మామగారు అప్పు చేసి కొన్న బండిని అల్లుడు ఎంత ముద్దుగా తుడిచినను, ఎంత నేర్పుతో విప్పి బిగించినను, అది అతనిది కాదు. శ్రమ కలిపినందున వస్తువు మనదగునని ఆంగ్ల తత్త్వవేత్త లాక్ వాదించినాడు. కాని శ్రమ కలుపుటకు ముందు వస్తువు న్యాయముగా చేతికి వచ్చియుండవలెను. రంగు పూత కింద తుప్పు దాగును. దోషము దాగుట వేరు, దోషము పోవుట వేరు.

ఇక తత్త్వజ్ఞులకు ఇష్టమైన చిక్కు ఒకటి మిగిలియున్నది. పిస్టను మారినది, సీటు మారినది, హ్యాండిలు మారినది, రేకులు మారినవి. ఇరువది ఏండ్ల పిమ్మట ఇది ఆ స్కూటరేనా? బౌద్ధ గ్రంథమగు మిలింద ప్రశ్నలో నాగసేనుడు యవన రాజును రథమును గురించి ఇట్లే అడుగును. ఇరుసు రథమా? చక్రము రథమా? కాడి రథమా? ఏదియు కాదు, అన్నియు కూడినపుడు వాడుక కొరకు పెట్టిన పేరు రథము. మనుష్యుడును అంతియే అని భిక్షువు తేల్చును. రవాణా కార్యాలయము ఈ చిక్కును సులభముగా విప్పినది: ఛాసీపై కొట్టిన సంఖ్య ఏదో అదే బండి. ప్రభుత్వమునకు ఆ సమాధానము చాలును. ఇంటివారికి చాలదు. వారికి బండి అనగా బిడ్డను బడికి దింపిన ఉదయములు, ఆసుపత్రికి పరుగెత్తిన రాత్రి, రథయాత్ర నాటి వానలో నలుగురు ఇరుకుగా కూర్చొని వచ్చిన దారి. ఈ జ్ఞాపకములు ఏ భాగములోను లేవు. భాగములు మారినను పోలేదు. నాగసేనుని మాట ఇక్కడ ఓదార్పు వంటిది. పట్టుకొనదగినది లోపల ఏదియు లేదని తెలిసినవాడు ప్రతి భాగమును శ్రద్ధగా చూచుకొనగలడు, సమయము వచ్చినపుడు విడువగలడు.

ఏటేట సెప్టెంబరు 17వ తేదీన జంషెడ్‌పూరులో విశ్వకర్మ పూజ జరుగును. ఆ దినము యంత్రములు తుడువబడి, పూలు పెట్టబడి, విశ్రాంతి పొందును. కర్మాగారపు పెద్ద యంత్రముతో పాటు వసారాలోని స్కూటరుకును బొట్టు పెట్టుదురు. తెలుగువారు దసరా ఆయుధపూజ నాడు దానిని మరల పూజింతురు. రెండు దేవతల యెదుటను అది ఒకే నిమ్మకాయను నలిపి కదలును. ఈ ఆచారమును మూఢత్వమని నవ్వువారు ఒక విషయము చూడరు. పూజలో యజమాని, ఈ నైపుణ్యమునకు మూలము నేను కాను అని ఒప్పుకొనుచున్నాడు. తన చేతితో మార్చిన యంత్రము ముందు తానే తల వంచుచున్నాడు. మమకారమునకు మన పెద్దలు కనిపెట్టిన మందులలో ఇది యొకటి. వస్తువును ద్వేషింపకుండ, అది నాది మాత్రమే కాదు అని తలచుట.

విడువవలసిన సమయము ఎట్లు తెలియును? పాత రెండు స్ట్రోకుల ఇంజను పొగ నీలముగా వచ్చును. కాలని ఆయిలు గాలిలో కలియును. 2020 ఏప్రిలు 1 నుండి దేశములో కొత్త బండ్లకు భారత్ స్టేజి ఆరు నిబంధనలు అమలైనవి. అదే 2020లో చేతక్ అను పేరు మరల వచ్చినది గాని, ఈ మారు విద్యుత్ స్కూటరుకు. పాతదానిని ప్రేమతో కాపాడువాడు ఎంత శుభ్రపరచినను ఆ ఇంజను స్వభావము కొంతవరకే మారును. అట్టిచో దానిని ప్రతిదినము నడపవలెనను పట్టుదల ప్రేమ కాదు. తన జ్ఞాపకములకు వెల ఇతరుల ఊపిరితిత్తులతో చెల్లించుట. పూర్తిగా వాడకము మానవలెనని దీని అర్థము కాదు. దోషము పోగొట్టుటయు గుణము చేర్చుటయు రెండును చాలవని తెలిసిన చోట సంస్కారము ముగియును. అంత్యేష్టి కూడ సంస్కారములలో ఒకటియే అని మన పెద్దలు లెక్క పెట్టినారు.

జంషెడ్‌పూరులో ఈ చివరి సంస్కారమునకు ఒక ప్రత్యేకార్థము కలదు. ఉక్కు కరగును; కరగిన ఉక్కు మరల ఉక్కే. పాత రేకు తుక్కుగా అమ్ముడై ఏదో ఒక కొలిమిలో చేరి, వేరొకరి ఇంటి కమ్మియో, వేరొకరి బండి రేకో కావచ్చును. ఉద్యోగ విరమణ నాడు క్వార్టరు తాళము అప్పగించుటకు ముందు, పద్ధతి తెలిసిన ఇల్లాలు ఇల్లు ఊడ్చి, గడపకు పసుపు రాసి, ముగ్గు పెట్టి వెలుపలికి వచ్చును. ఆ ఇల్లు ఎన్నడును తమది కాదని ఆమె ఎరుగును. ఎరిగియే ముప్పది ఏండ్లు దానిని తమదిగా చూచుకొన్నది. స్కూటరు పట్ల ఉండదగిన తీరును ఇదియే. కాగితము మీద అది మనది, ఇల్లు మనది కాదు. కాని రెండింటి విషయములోను మనకు అప్పగింపబడినది కొంత కాలపు సంరక్షణయే. ఆ కాలములో దోషము పోగొట్టి, గుణము చేర్చి, పొరుగువానికి బాధ లేని అలంకారము చేసి, తరువాతివానికి చెడని స్థితిలో అప్పగించినవాడు వస్తువుతో పాటు తనకును కొంత సంస్కారము చేసికొన్నవాడగును.